నీడల గోడ మా అక్కది

మా షాపులో ఉన్న నీడల గోడ నాకు తోచింది కాదు. అది మా అక్క చేసింది. ఈ చిన్న మాట చెప్పడానికి నాకు దాదాపు రెండేళ్ళు పట్టింది. ఈ మధ్యలో ఎవరు అడిగినా "ఏదో, తీరిగ్గా ఉన్నప్పుడు చేసేనండి" అన్నాను. కేబుల్ టీవీ వాళ్ళు మైకు పెట్టినప్పుడూ అదే అన్నాను. రాజమండ్రి డీలర్ల సమావేశంలో శాలువా కప్పి షీల్డు చేతికిచ్చినప్పుడైతే అసలేమీ అనలేదు. నవ్వి ఊరుకున్నాను. ఊరుకోవడం కూడా అబద్ధం ఆడడమేనని తెలియని వయసు కాదు నాది. యాభై దగ్గర పడ్డాయి.

గోడ మీద నీడలు ఎవరు వేస్తే ఏమిటని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఆ అబద్ధం మీదే మా అక్క ఈ ఊళ్ళో ఉండడమా, మళ్ళీ విమానం ఎక్కడమా అన్నది తేలింది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అమలాపురంలో గడియార స్తంభం దాటి లోపలికి వెళ్ళే ఒక వీధిలో మా షాపు. ముందు గదిలో ఫ్యాన్సీ సామాను, వెనక పొడుగాటి గదిలో బొమ్మలు. ముందు గదికి గాజుల కోసం, రిబ్బన్ల కోసం జనం వస్తూనే ఉంటారు. వెనక గదికి రావడం మాత్రం తగ్గిపోయింది. పిల్లలకు ఫోను దొరికింది, పెద్దవాళ్ళకు ఇంటికి తెచ్చిచ్చే పార్సిళ్ళు దొరికాయి. బొమ్మలు ప్లాస్టిక్ కవర్లలో దుమ్ము పట్టి వేలాడుతుండేవి. వాటి మీద నేను ఎర్ర అక్షరాలతో ఒక బోర్డు పెట్టాను: "ముట్టుకోరాదు."

మా అక్క కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన రెండో రోజున షాపుకు వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆ బోర్డు చదివింది.

"ఒరేయ్ అబ్బాయ్, అమ్మేది ఆటసామాను. ముట్టుకోకుండా ఎలా ఆడతారా?"

"పాడు చేసేస్తన్నారే అక్కా."

"పాడు చెయ్యకపోతే వాళ్ళు పిల్లలెందుకవుతారు? నువ్వు చిన్నప్పుడు నాన్నగారి గడియారం ఊడదీసి, ముల్లు మింగేవు. మర్చిపోయేవా?"

ఆ మధ్యాహ్నానికి బోర్డు లేదు.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. మా బావ కొబ్బరికాయల లోడ్లు ఎత్తే పనిలో నడుం దెబ్బతిని కూర్చున్నాక, ఉన్న ఒక్క ఆడపిల్లను చదివించడానికి కువైట్ వెళ్ళింది. అక్కడ ఒకళ్ళ ఇంట్లో వంట చేసేది, వాళ్ళ పిల్లల్ని చూసేది. తొమ్మిదేళ్ళు చేసింది. ఊళ్ళో మాత్రం మేం "ఆస్పత్రిలో చేస్తోంది" అని చెప్పేవాళ్ళం. ఆ మాట మొదలుపెట్టిందీ నేనే. మా మేనకోడలికి సంబంధాలు చూడాలి, తల్లి పరాయి ఇంట్లో పనిచేస్తోందంటే బాగుండదని అందరికీ నూరిపోశాను. మా ఒక్కళ్ళనే అనుకునేరు. మా వీధిలో వాళ్ళ మాటలు నమ్మితే కువైట్ ఆస్పత్రులన్నీ కోనసీమ ఆడవాళ్ళే నడిపిస్తున్నారని అనుకోవాలి.

అక్క ఎప్పుడూ ఆ మాట తనంతట తాను అనలేదు. "వండి పెట్టేను, పిల్లల్ని పెంచేను. అదేమన్నా దొంగతనమేంట్రా?" అనేది. "నీకెందుకక్కా, నువ్వు మాట్లాడకు" అనేవాణ్ణి. ఎవరైనా అడిగితే నా మొహం వైపు చూసి ఊరుకునేది.

ఈసారి వచ్చినప్పుడు ఆమెకు వెనక్కి వెళ్ళాలని లేదు. ఆ దేశం బయట ఆరు నెలలు దాటితే అకామా పోతుంది. అకామా అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం. అది పోతే ఆ ఇంటి పనీ పోయినట్టే. "ఆరు నెలల్లో ఇక్కడే ఏదన్నా పని దొరికితే ఉండిపోతాన్రా. దొరక్కపోతే ఎక్కేస్తాను" అంది. మా షాపు మా ఒక్క ఇంటికే బొటాబొటీగా సరిపోతుందని ఆమెకు తెలుసు. నన్ను జీతం అడగలేదు. ఊరికే కూర్చోలేక పొద్దున్నే వచ్చి దుమ్ము దులిపేది.

అలా దులుపుతుండగా ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇన్వర్టరు కూడా మూలిగి ఆగిపోయింది. వెనక గదికి కిటికీలు లేవు, చీకటిగా ఉంది. ఒక తల్లి ఒక చేతిలో గాజుల సంచితో నిలబడి ఉంది, చంకలో పిల్లాడు చీకటికి భయపడి రాగం ఎత్తుకున్నాడు. అక్క సెల్‌ఫోను టార్చి వేసి స్టూలు మీద ఆనించింది. దాని ముందున్న బల్ల మీద నేను కంపెనీకి తిప్పి పంపాల్సిన విరిగిన బొమ్మల పెట్టె బోర్లించింది. చక్రాలు లేని జీపు, చెయ్యి ఊడిన బొమ్మ, మూత లేని కిట్లీ. వాటిని ఇటు ఒకటి, అటు ఒకటి జరుపుతూ గోడ వైపే చూస్తోంది.

"ఏడవకమ్మా, అటు చూడు. ఏనుగొచ్చింది."

నిజంగానే వచ్చింది. బల్ల మీద ఉన్నది చెత్త కుప్ప. గోడ మీద ఉన్నది ఏనుగు. కిట్లీ ముక్కు తొండం అయింది. పిల్లాడు ఏడుపు మధ్యలో ఆపేసి, ముక్కు కారుతుండగానే, "తోక లేదు" అన్నాడు.

"నిజమేరా నాయనా! తోక మర్చిపోయేను. నువ్వే పెట్టు."

వాడు తల్లి చంక దిగి, దొరికిన బొమ్మలన్నీ ఒక్కొక్కటే తెచ్చి లైటు ముందు పట్టుకున్నాడు. బంతి పెడితే ఏనుగుకి వెనక పుండు లేచినట్టుంది. కారు పెడితే ఏనుగు కూర్చున్నట్టుంది. చివరికి ప్లాస్టిక్ పాము పెట్టాడు. తోక వచ్చింది, చివర కొంచెం ఊగింది కూడా. కరెంటు వచ్చి గోడ తెల్లబడిపోయాక కూడా వాడు ఆ పాముని వదల్లేదు. తల్లి నన్ను చూసి నిట్టూర్చి, దాన్నీ గాజుల సంచిలో వేసుకుంది.

"ఇదెక్కడ నేర్చేవే?" అన్నాను.

"అక్కడ ఆఖరోడికి దీపం ఆర్పితే భయం. ఇంకేం చేస్తాను? గరిటెలూ బొమ్మలూ పెట్టి ఇలాగే నిద్దరపుచ్చేదాన్ని. నాకు వాళ్ళ కథలు రావు, వాళ్ళకి నా కథలు తెలీవు. నీడకి భాషేంటి?"

మర్నాడు బావ తెల్ల పంచె ఒకటి వెనక గోడకు నాలుగు మేకులతో బిగించాం. ట్యూబ్‌లైటుకు నీడ నీళ్ళు కలిపిన పాలలా పల్చగా ఉంటుంది, పనికిరాదు. ఒకే చిన్న లైటు కావాలి. దాన్ని స్టూలుకు కట్టాం. బల్ల మీద ఏదో ఒకటి కూర్చడం అక్క పని. నేను పక్కన నిలబడి అందించేవాణ్ణి.

"కుప్పని చూడకు. గోడని చూడు" అనేది. నాకు మాత్రం కుప్పే కనపడేది.

ఇంకొక పద్ధతి ఉండేది ఆమెకు. ప్రతి నీడలోనూ ఒక్క చోటు ఖాళీ వదిలేది. ఏనుగుకి తోక, బండికి ఎద్దు, పడవకి మనిషి. "అంతా మనమే చేసేస్తే వాళ్ళకేం మిగుల్తాది? చూసి ఎళ్ళిపోతారు" అనేది. ఆ ఖాళీ నింపడానికి పిల్లలు షాపులో బొమ్మలన్నీ తెచ్చి లైటు ముందు పట్టుకునేవాళ్ళు. సరిపోయిన బొమ్మను చేతిలోంచి వదిలేవాళ్ళు కాదు. "కొను" అని మేం ఒక్కసారి కూడా అనలేదు.

ఆ నెలలు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఒక వారం గోదావరి మీద పంటు వేసింది. పంటు అంటే మా వైపు మోటారు సైకిళ్ళనీ మనుషుల్నీ ఎక్కించుకుని రేవు దాటించే బల్లకట్టు. సబ్బు పెట్టెలు, దువ్వెనలు, విరిగిన రైలు డబ్బాలు కలిపి పెడితే గోడ మీద అచ్చం పంటే. అంచున ఒక మనిషి చోటు ఖాళీ. పిల్లలు ముసిరారు.

"బాతు పెట్టరా!"

"బాతు పంటెక్కదెహె. అది ఈదుకునే పోద్ది."

"జేసీబీ పెట్టు."

"మునిగిపోద్ది!"

ఒక చిన్నపిల్ల మాట్లాడకుండా గొడుగు పట్టుకున్న బొమ్మను తెచ్చి పెట్టింది. పంటు అంచున గొడుగుతో ఒక ఆడమనిషి నిలబడింది. "మా అమ్మమ్మ!" అని ఆ పిల్ల పెట్టిన కేకకు ముందు గదిలో గాజులు వేసుకుంటున్నవాళ్ళు కూడా లోపలికి వచ్చారు. వాళ్ళమ్మమ్మ నరసాపురం నుంచి వచ్చినప్పుడల్లా సఖినేటిపల్లి రేవులో అలాగే దిగుతుందట.

రిటైరైన మాస్టారు ఒకాయన ఉన్నారు. మనవడికి కొన్న బ్యాటరీ రైలు ఆగిపోయిందని నాతో దెబ్బలాడడానికి వచ్చారు. ఆ రోజు గోడ మీద కోడిపెట్ట ఉంది. పిల్లలు గుప్పిళ్ళు పట్టి, వేళ్ళు ముక్కుల్లా పెట్టి దాని చుట్టూ కోడిపిల్లలై తిరుగుతున్నారు. మాస్టారు రైలు పట్టుకుని కాసేపు చూశారు. తర్వాత దాన్ని బల్ల కింద పెట్టి, గొంతు సవరించుకుని, "ఏమ్మా, నా చెయ్యి ఎక్కడ పెట్టమంటావు?" అన్నారు.

"మీరు పుంజండి మాస్టారూ. ఇటు రండి. అయిదు వేళ్ళూ పైకి పెట్టండి, తురాయి."

ఆయన పెట్టారు. పుంజు కూసింది కూడా. జీవితంలో అంత గంభీరంగా ఎవరైనా కూయడం నేను వినలేదు. ఆ తర్వాత ఆయన మనవడు లేకుండానే వచ్చేవారు. రైలు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

పిల్లలు అక్కని "నీడలత్తా" అని పిలిచేవారు. ముమ్మిడివరం నుంచీ, అంబాజీపేట నుంచీ కూడా పిల్లల్ని స్కూటర్ల మీద వేసుకుని వచ్చేవాళ్ళు. వెనక గదిలో నిలబడడానికి చోటుండేది కాదు.

అలాంటి రోజుల్లోనే బొమ్మల కంపెనీ ఏరియా మేనేజరు వచ్చాడు. కాకినాడాయన. మర్యాదస్థుడు. ఎప్పుడూ గుమ్మంలో నిలబడి లెక్క చూసుకుని పోయేవాడు, ఆ రోజు జనాన్ని తోసుకుని లోపలికి వచ్చి ఫోనులో వీడియో తీసుకున్నాడు.

"ఏవండీ, ఇదెవరు చేసేరండి?"

అక్క అప్పుడు వెనక సందులో పాత డబ్బాలు వెతుకుతోంది. రెండడుగుల దూరం. పిలిస్తే పలికేది.

"మనమేనండి" అన్నాను.

"మీరా! ఆయ్! ఎక్కడ నేర్చేరండి?"

"చిన్నప్పట్నుంచీ అలవాటండి."

ఎందుకన్నానో చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అక్క పేరు చెబితే ఎక్కడ నేర్చుకుందని అడుగుతారు, కువైట్ అనాలి, అక్కడ ఏం చేసేదంటే ఆస్పత్రి అబద్ధం బయటపడుతుంది. అప్పుడే మా మేనకోడలికి రాజోలు సంబంధం ఖాయమవుతోంది. కుటుంబం పరువు కోసమే అన్నానని నన్ను నేను ఒప్పించుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం ఏమిటంటే, పాతికేళ్ళు షాపు నడిపితే ఆ కంపెనీ మనిషి నా మొహం వైపు అలా కళ్ళు పెద్దవి చేసుకుని చూడడం అదే మొదటిసారి. అది నాకు బాగుంది.

తర్వాత కేబుల్ టీవీ, రాజమండ్రి, శాలువా, షీల్డు. ఇంటికి తెస్తే అక్క దాన్ని చీర కొంగుతో తుడిచి, "నీ పేరు ఎంత బాగా చెక్కేరో చూడు" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు. టీవీలో నేనన్నది విన్నా షాపు తరఫున అన్నాననుకుంది, షాపు నాది కాబట్టి షీల్డు నాకు ఇచ్చారనుకుంది. తమ్ముడికి మంచి జరిగిందని సంతోషపడింది.

అసలు తప్పు ఆ తర్వాత వారం చేశాను.

మేనేజరు మళ్ళీ వచ్చాడు. కాకినాడ, భీమవరం, తణుకుల్లో వాళ్ళ బొమ్మలు అమ్మే పెద్ద షాపుల్లో ఇలాంటి గోడలు పెట్టాలని కంపెనీ అనుకుంటోందట. నెలకోసారి నీడ మార్చాలి, దానికి ఒక మనిషి కావాలి, నెల జీతం. "మీకు షాపుంది, మీరెలాగూ రాలేరండి. మీరు ఎవరికైనా నేర్పేరా? మీ చేతి కింద తయారైనవాళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి" అన్నాడు.

అక్క లోపల పిల్లల మధ్య కూర్చుని ఉంది. నవ్వు వినపడుతోంది. ఆరు నెలల్లో నాలుగు అయిపోయాయి. ఆమె వెతుక్కుంటున్న పని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను చెప్పాల్సింది ఒక్క మాట. కానీ ఆ మాట చెబితే శాలువా కప్పించుకున్నవాడి సంగతేమిటి?

"లేదండి. ఇది ఇంకొకళ్ళకి వచ్చే పని కాదండి" అన్నాను.

ఆయన వెళ్ళాక అక్క వచ్చింది. "ఏవంటాడ్రా ఆయన?"

"ఏం లేదక్కా. కొత్త స్టాకు గురించి."

మిగతా రెండు నెలల్లో మేనకోడలి పెళ్ళి అయింది. అక్క ఒక కర్రీ పాయింటులో అడిగింది, ఒక బడి వంటలో అడిగింది, ఎక్కడా కుదరలేదు. హైదరాబాదు బస్సుకు పెట్టె నేనే మోశాను. కిటికీలోంచి తల బయటపెట్టి, "బండికి ఎద్దుల చోటు ఖాళీ వదిలేను. అది రెండు వారాలు ఉంచి తర్వాత మార్చు. లైటు కదపకు" అంది. బస్సు కదిలింది.

రెండు వారాల తర్వాత నేను మార్చాను. పంటు వేద్దామనుకున్నాను. పొద్దున్న మొదలుపెట్టి భోజనాల వేళ దాకా కుస్తీ పట్టాను. గోడ మీద ఏదో వచ్చింది.

"అంకుల్, ఇది గేదా?" అని ఒక పిల్లాడు అడిగాడు.

"పంటురా."

"గేదె పంటెక్కిందా అంకుల్?"

"ఛీ, పడుకుంది. చూడు, కొమ్ములు" అంది ఇంకో పిల్ల. "నీడలత్త ఎప్పుడొస్తాదండీ?"

మాస్టారు కూడా వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, చాలాసేపు చూసి, "ప్రయత్నం మంచిదేనోయ్" అని వెళ్ళిపోయారు.

చివరికి అక్కకి వీడియో కాల్ చేశాను. అలా మొదలైంది మా శుక్రవారాల ఆట. ఆ రోజు మధ్యాహ్నం వాళ్ళ ఇంటివాళ్ళు బయటికి వెళ్ళేవారు. ఫోనుని బిస్కట్ డబ్బాకి ఆనించేవాణ్ణి, అక్క ఆ దేశపు వంటింట్లోంచి గోడని చూస్తూ చెప్పేది.

"ఎడం పక్కకి జరుపు. నీ ఎడం కాదురా, గోడ ఎడం! ఆ జీపు పడుకోబెట్టు. ఇంకా. ఇంకా. ఒరేయ్, నీకు చిన్నప్పుడు లెక్కలెవరు చెప్పేర్రా?"

షాపులో పిల్లలు ఫోను చుట్టూ మూగి, "అత్తా, అంకుల్‌కి రావట్లేదత్తా" అని చాడీలు చెప్పేవాళ్ళు. అటు పక్క నుంచి ఒక్కోసారి ఆమె దగ్గర వదిలి వెళ్ళిన ఒక ఉంగరాల జుట్టు పిల్లాడు తొంగి చూసి, మా గోడని చూసి చప్పట్లు కొట్టేవాడు. దీపం ఆర్పితే భయపడేవాడు వాడేనట.

ఆ మధ్యలో మా మేనకోడలికి పాప పుట్టింది. అక్క మనవరాల్ని ఫోనులోనే చూసుకుంది. స్నానం చేయించడం, సాంబ్రాణి పొగ వెయ్యడం, పేరు పెట్టడం అన్నీ ఫోనులోనే. ఒక శుక్రవారం గోడ పని అయ్యాక, ఊరికే మాటల్లో అంది. "ఇలాంటి పని ఎవరన్నా మన ఊళ్ళో ఇస్తే వచ్చేసేదాన్ని కదరా. పిల్లని ఒళ్ళో వేసుకుని మరీ చేసేదాన్ని." అని నవ్వి, పొయ్యి మీద ఏదో మాడుతోందని ఫోను పెట్టేసింది.

నేను బల్ల దగ్గరే కూర్చుండిపోయాను. ఎవరన్నా ఇస్తే అంది. ఇచ్చారు. నేను వద్దన్నాను.

మర్నాడు మేనేజరుకు ఫోను చేశాను. "ఆ గోడ నాది కాదండి. మా అక్కది. అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు" అన్నాను. "ఆయ్" అన్నాడు, ఆ మనిషి మర్యాద అలాంటిది. "మేం అప్పట్లో ఎవర్నో పెట్టేమండి. ఆయన కంప్యూటర్లో బొమ్మలు గీసి అట్టలు కత్తిరించేడు. పిల్లలు ఒకసారి చూసి వెళ్ళిపోయేరు. మానేసేం. ఆవిడ్ని ఒకసారి కాకినాడ రమ్మనండి. చూద్దాం" అన్నాడు.

అక్కకి సగమే చెప్పాను. కాకినాడలో ఒక షాపులో పని ఉండొచ్చు, వచ్చి చూడమన్నాను. ఇదే పని ఏడాదిన్నర క్రితం వచ్చిందని చెప్పలేదు. ఫోనులో చెప్పే మాట కాదనుకున్నాను. నిజానికి భయపడ్డాను. అక్క సెలవు పెట్టి, తిరుగు టిక్కెట్టుతో సహా వచ్చింది.

కాకినాడ షాపు రెండంతస్తులు, చల్లగా, అద్దాలతో ఉంది. కింద ఒక మూలంతా గోడకి ఇచ్చారు. మేనకోడలు పాపని ఎత్తుకుని, అత్తగారితో సహా రాజోలు నుంచి చూడడానికి వచ్చింది. పాప అక్కని చూసి గుక్కపట్టి ఏడ్చింది. ఫోనులో కనిపించే మనిషి అంత పెద్దగా ఉంటుందని అనుకోలేదు కాబోలు. అక్క నవ్వుతూనే "పరాయిదాన్ననుకుంటన్నావా తల్లీ" అని వెళ్ళి బల్ల దగ్గర కూర్చుంది. నేను అద్దంలో నా మొహం చూసుకోలేకపోయాను.

ఆ రోజు అక్క చెట్టు వేసింది. కొబ్బరి చెట్టు, మట్టల మీద దారాలకి కట్టి ఊగే పక్షులు, కింద గెలలు దింపే మనిషి. మట్టల్లో ఒకటి లేదు. షాపులో పిల్లలు బొమ్మలు పట్టుకుని పరుగులు. ఏడుస్తున్న పాప గోడ మీద కదులుతున్న పక్షుల్ని చూసి ఆగింది. అక్క పాపని ఒళ్ళోకి తీసుకుని, మెల్లగా ఆ చేతిని లైటు ముందుకు పట్టింది. అయిదు చిన్న వేళ్ళూ విచ్చుకుని చెట్టుకి మట్ట అయ్యాయి. పాప తన చేతిని చూసి, గోడని చూసి, ఊపింది. మట్ట ఊగింది. అప్పుడు నవ్విన నవ్వుకు షాపులో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఆ తర్వాత పాప అక్క ఒళ్ళోంచి దిగనంది.

మేనేజరు దగ్గరికి వచ్చాడు. "ఎక్కడ నేర్చేరమ్మా ఇది?"

అక్క అలవాటుగా నా వైపు చూసింది. తర్వాత ఆమే తల తిప్పుకుని చెప్పింది. "కువైట్‌లోనండి. ఒకళ్ళింట్లో వంట చేసి పిల్లల్ని చూసేదాన్ని."

మేనకోడలి అత్తగారు పక్కనే ఉంది. ఆవిడ తమలపాకు నములుతూ, "ఆ ఆస్పత్రి కథ మాకెప్పుడో తెలుసండి అన్నయ్యగారూ" అంది నాతో. "మా చెల్లెలూ అక్కడే పనేగా. కువైట్‌లో అది చేసే ఇల్లు మీ అక్కగారి పక్క వీధే. పెళ్ళికి ముందే చెప్పింది, బంగారం లాంటి మనిషి, చేసుకోమని. మీరు అంత ముచ్చటగా చెబుతుంటే కాదనడం ఎందుకని ఊరుకున్నాం."

అక్క పకపకా నవ్వింది. మేనకోడలు నవ్వింది. నేను ఇన్నాళ్ళూ కాపాడాననుకున్న పరువు అక్కడ అసలు లేనే లేదు. అది పోయాక నా తప్పుకి ఇక అడ్డం పెట్టుకోవడానికి ఏదీ మిగల్లేదు.

మేనేజరు అన్నాడు. "వచ్చే వారం భీమవరం అండి. తర్వాత తణుకు. మీకు ఇష్టమైతే నెల జీతం మీద ఉండిపోండి."

అక్క పాపని ఎత్తుకుని లేచి నిలబడింది. మొహం వెలిగిపోతోంది. "ఉండిపోతానండి. ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ బాబూ మీరు? ఏడాదిన్నర ముందు ఈ పని పట్టుకుని వచ్చుంటే ఈ పిల్ల పురుడు నేనే పోసేదాన్ని కదా!"

అది వేళాకోళమే. మేనేజరు కళ్ళు దించుకుని తన ఫోను వైపు చూసుకున్నాడు. ఆయన చెప్పడు. చెప్పాల్సింది నేను.

"ఆయన వచ్చేరక్కా" అన్నాను. "అప్పుడే వచ్చేరు. గోడ ఎవరు చేసేరంటే నేనని చెప్పేను. ఇదే పని, ఇదే జీతం, ఎవరన్నా ఉన్నారా అని అడిగేరు. నువ్వు లోపల పిల్లలతో ఉన్నావు. ఎవరూ లేరన్నాను. కొత్త స్టాకు గురించని నీకు అబద్ధం చెప్పేను."

అక్క నవ్వు కాసేపు మొహం మీదే ఉండి, తర్వాత తగ్గింది. పాప ఆమె చెవి రింగు లాగుతోంది. వేలు విడిపించుకోకుండానే అడిగింది.

"అంటే నేను మళ్ళీ విమానం ఎక్కక్కర్లేకపోయేదా?"

"అక్కర్లేకపోయేదక్కా."

"పిల్ల పుట్టినప్పుడు ఇక్కడే ఉండేదాన్నా?"

"ఉండేదానివి."

ఆమె గోడ వైపు తిరిగింది. పిల్లలు మట్ట చోటులో దువ్వెన పెట్టి, తీసి, చీపురు పెట్టారు. నేను దగ్గరికి వెళ్ళి, "తప్పయిపోయింది అక్కా" అన్నాను. పక్కవాళ్ళకి వినపడకుండా అన్నాను.

అక్క కొంగుతో ఒక కన్ను తుడుచుకుంది, రెండో కన్నుతో నన్ను చూసింది. "ఏంటీ? టీవీలో అంత గట్టిగా చెప్పేవు కదా నేనే చేసేనని. ఇదీ అంత గట్టిగానే చెప్పు. ఆ వెనకాల వాళ్ళకి వినపడలేదు."

షాపు మధ్యలో, అంతమంది పిల్లలూ తల్లులూ తిరిగి చూస్తుండగా, చేతులు జోడించి, ఉన్న గొంతంతా పెట్టి చెప్పాను. "ఈ గోడ మా అక్కదండి. నాది కాదు. నాదని చెప్పి మా అక్కని మళ్ళీ దేశం దాటించేను. అక్కా, తప్పు నాదే. నన్ను క్షమించు."